ఉప్పడిగిన రోజులు

నిన్న పొద్దున మా మనుమరాలు వాకిట్లో పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద పసిదాన్ని పడుకోబెట్టుకుని, మాడుకు గోరువెచ్చని ఆముదం అద్దుతోంది. ఆ వాసన గదిలోకి రాగానే చేతిలోని పేపరు పక్కన పెట్టేశాను. నా పిల్లలిద్దరికీ అలా ఆముదం రాసి నీళ్లు పోసింది నేను కాదు, నర్సవ్వ. మా గోడ పక్కింటి మనిషి. భర్త పోయాక, పెద్ద కొడుకుతో కలిసి ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టుకుని బతికింది. చదువు లేదు. ఎవరినీ కూర్చోబెట్టి బుద్ధులు చెప్పే అలవాటూ లేదు. అయినా పిల్లల్ని పెంచడంలో నాకు కాస్తో కూస్తో చేతనైనదంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే.

మంచాల అనే ఊరి నుంచి కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేనేళ్లు. మా ఆయన రామచంద్రం ఇంటి అరుగు మీద పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. నాకూ ఆయనే చెప్పాడు. తర్వాత నిజాం మీద పోరాడే సంగంలో కలిశాడు. రజాకార్ల లారీలు ఊళ్ల మీద పడి తిరుగుతున్న రోజుల్లో ఒక పొద్దున దుప్పటి భుజాన వేసుకుని, "నాలుగు రోజుల్ల వస్త" అని చెప్పి వెళ్లాడు. వారాలు నెలలయ్యాయి గానీ మనిషి జాడ లేదు. అత్తమామలు అంతకు ముందే కాలం చేశారు. పుట్టింటికి పోదామంటే దారి పొడవునా తనిఖీలు. ఇంట్లో నేనూ, నాలుగేళ్ల సుశీల, ఏడు నెలల వెంకటి మిగిలాం.

ఆ రోజుల గురించి అడిగేవాళ్లంతా భయం వేయలేదా అంటారు. వేసింది. కానీ నన్ను లోపల్లోపల తినేసింది అలసట. వెంకటికి ఏదో కడుపునొప్పి, చంక దిగితే ఏడుపు. సుశీలకు రోజంతా ఒకటే ప్రశ్న, "బాపు ఎప్పుడొస్తడు?" రేపు అనీ, ఎల్లుండి అనీ చెప్పి చెప్పి నాకే నా మాట మీద అసహ్యం పుట్టింది. ఒక మధ్యాహ్నం అది మళ్లీ అదే అడుగుతూ నా కొంగు పట్టి లాగింది. చేతిలోని జొన్న గటక కుండ జారి పగిలింది. ఆ పూటకు ఇంట్లో ఉన్నది అదొక్కటే. మొదటి దెబ్బ ఎప్పుడు వేశానో నాకు తెలియదు. నాలుగోదో అయిదోదో వేయబోతుంటే ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. తడి చేయి. చేపలు కడుగుతూ కడుగుతూ లేచి వచ్చిన నర్సవ్వ.

నన్ను తిట్టలేదు. ఎందుకు కొట్టావనీ అడగలేదు. వెంకటిని చంకకెత్తుకుని, సుశీలను కాళ్లకు ఆనించుకుని నిలబడింది.

"లచ్చమ్మా, నువ్ జర చెరువు కాడికి పో. మొఖం కడుక్కొని రా."

"పిల్లలు?"

"పిల్లలు నాతాన ఉంటరు. ఏడికి పోతరు? పో బిడ్డా."

కట్ట మీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో. తిరిగి వచ్చేసరికి సుశీల ఆమె వాకిట్లో వల మీది గవ్వలు లెక్కపెడుతోంది. దాని చెంప మీద నా వేళ్లు ఇంకా ఎర్రగా కనిపిస్తున్నాయి. నేను మొహం తిప్పుకున్నాను. నర్సవ్వ నాకో గిన్నెలో అన్నం, చేపల పులుసు పెట్టి, నేను తింటుండగా మెల్లగా చెప్పింది.

"మా పెద్దోడు ఎడమ దిక్కు పిలిస్తె పలుకడు, సూసినవా? వానికి పుట్టుకతోటి చెవుడు అనుకుంటరు అందరు. కాదు. నేనే కొట్టిన. వాళ్ల నాయిన పోయిన ఏడు. ఆనాడు నా చేతులకెల్లి పోరన్ని గుంజుకునేటోళ్లు లేకుండిరి." గిన్నెలో ఇంకాస్త పులుసు పోసి, "నీకు నేనున్న" అంది.

మళ్లీ చేయి లేస్తుందేమోనని భయమేస్తోందని చెప్పాను. "లేస్తది," అంది ఆమె. "లేవకముందే నన్ను పిలువు. వాడకట్టంత ఇనేటట్టు పిల్లల్ని పట్టుకపో అని మొత్తుకోకు, నీకే సిగ్గయితది. ఉప్పున్నదా అని అడుగు. నాకు సమజైతది."

అలా మొదలైంది. తల తిరిగిపోతున్నప్పుడు గోడ దగ్గరికి వెళ్లి "అత్తా, ఉప్పున్నదా?" అనేదాన్ని. ఆమె వచ్చి పిల్లల్ని తీసుకుపోయేది. నేను ఒక కునుకు తీసేదాన్ని, లేదా ఊరికే గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. మొదట్లో రోజుకు రెండుసార్లు అడిగేదాన్ని. రానురాను వారానికోసారి. పిలిస్తే వచ్చే మనిషి ఉందన్న ధైర్యంతోనే సగం కోపం దిగిపోయేది. ఒకనాడు గోడ అవతల నుంచి ఆమే "లచ్చమ్మా, ఉప్పున్నదా?" అని కేకేసింది. వెళ్లి చూస్తే కొడుకుతో ఏదో మాటామాటా వచ్చి కళ్లు తుడుచుకుంటోంది. ఆ రోజు నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఎందుకో నవ్వుకున్నాం కూడా.

వానలు పడుతున్న రోజుల్లో ఒకనాడు పొద్దెక్కాక రజాకార్లు మా ఇంటికే వచ్చారు. ముగ్గురు. ఇద్దరి చేతుల్లో తుపాకులు. "నీ మొగడేడి?" అని ఒకడు గడపలో నిలబడ్డాడు. వెంకటి చంకలో గుక్కపట్టాడు. సుశీల నా చీర కుచ్చిళ్లలో దూరింది. నేను గోడ వైపు తిరిగి అరిచాను, "అత్తా, ఉప్పున్నదా?"

నర్సవ్వ గుప్పెడు ఉప్పుతో వచ్చింది. తుపాకుల మధ్య, పెళ్లింట్లో తిరిగినట్టు తిరిగింది. "పోరగాండ్లు ఆగమైతున్నరు, అన్నం పెట్టాలె" అని ఎవరితోనో తెలియకుండా అంటూ, ఒకణ్ని చంకనెత్తుకుని ఒకదాని చేయి పట్టుకుని వెళ్లిపోయింది. వాళ్లకు ఆపాలని కూడా తోచలేదు. పిల్లలు కళ్ల ముందు నుంచి తప్పుకోగానే నేను వాళ్ల వైపు తిరిగి నిలబడ్డాను. తెలియదని చెప్పాను. అడిగిన ప్రతిసారీ అదే చెప్పాను. గింజలన్నీ నేల మీద పోసి, నా భుజం మీద తుపాకీ మడమతో ఒక దెబ్బ వేసి పోయారు.

పరుగెత్తుకుంటూ వెళితే సుశీల అక్కడ అన్నం తింటోంది. నర్సవ్వ కుడి పిడికిలి ఇంకా మూసే ఉంది. విప్పి చూస్తే చెమటకు ఉప్పు సగం కరిగిపోయింది. "పిల్లలకు తుపాకి ఎరుకనా బిడ్డా? వాళ్లకు మన మొఖమే ఎరుక. గందుకే నవ్వుకుంట తీస్కొచ్చిన," అంది. ఆ ఉప్పు చేతిని నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

పోలీస్ యాక్షన్ జరిగి రజాకార్లు పోయారు గానీ మా ఆయన వెంటనే రాలేదు. ఎక్కడో పట్టుబడి జైల్లో ఉన్నాడని తెలిసింది. విడుదలై ఇంటికి వచ్చేనాటికి వెంకటికి రెండేళ్లు దాటాయి. గడ్డం మనిషిని చూసి వాడు కెవ్వుమన్నాడు. జైలు నుంచి వచ్చిన మనిషికి చప్పుడు పడదు. వాడి ఏడుపు వినలేక ఆయన గట్టిగా అరిచేవాడు, అరిచి బయటికి పోయి కూర్చునేవాడు. నర్సవ్వ ఆయన ముందు చిరిగిన వల పడేసింది. "మాటలు వద్దు, ముద్దులు వద్దు. వాని పక్కన కూసొని గిది కుట్టు. వాడే వస్తడు." వారం గడిచింది. ఎనిమిదో రోజు వెంకటి దారపు ఉండ పట్టుకుని తనంతట తాను వచ్చి ఆయన తొడ మీద కూర్చున్నాడు. ఆయన కుట్టడం ఆపలేదు. కన్నీళ్లు మాత్రం వల మీద పడుతున్నాయి.

నర్సవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమెను మోసిన నలుగురిలో వెంకటి ఒకడు. సుశీలకు ఇప్పుడు మనుమరాలు. కుండ పగిలిన రోజు గుర్తుందా అని ఒకసారి అడిగితే, "నువ్ నన్ను కొట్టినవా అమ్మా? ఎప్పుడు?" అని నవ్వింది. నేను అంతా చెప్పాను. అది నా చేయి తన చేతుల్లోకి తీసుకుంది.

పోయిన నెల కంటి చూపు కోసం దవాఖానకు వెళ్లాను. వరుసలో నా ముందు ఒక చిన్న వయసు తల్లి. ఒళ్లో ఏడాది పిల్ల ఆపకుండా ఏడుస్తోంది. ఆ అమ్మాయి పళ్లు బిగించి, పిల్ల రెక్క పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది. చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చిట్లించారు. నేను లేచి వెళ్లి పక్కన కూర్చుని రెండు చేతులూ చాచాను. "జర నాకియ్యి బిడ్డా. నువ్ పోయి చాయ్ తాగిరా. నీ వరుస నేను సూస్త." నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పిల్లను నా ఒళ్లో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచింది. పిల్ల నా చీర తడిపింది, నా కళ్లజోడు లాగింది, చివరకు నా భుజం మీద తల వాల్చింది. అరగంటకు ఆ అమ్మాయి మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. పిల్లను వెంటనే తీసుకోలేదు ఆమె. ఇంకాసేపు ఉండనిమ్మన్నట్టు చూసింది. ఉండనిచ్చాను.