రాజన్న నడక

నాచారం పారిశ్రామికవాడలో, మందుల తయారీకి కావలసిన ద్రావకాలను ఇనుప పీపాలలో నిలువచేసే యార్డు ఒకటి ఉంది. ఉదయం ఎనిమిది గంటలకు అక్కడ ఒక ఆచారం జరిగేది. కనకరాజు అనే కార్మికుడు పీపాల వరుసల నడుమ మొదటి కొసనుంచి చివరి కొసవరకు ఒంటరిగా నడిచివచ్చి, ప్రమాదమేమీ లేదన్నట్లు "సాఫ్" అనేవాడు. ఆ మాట వినపడేదాకా ఎవ్వరూ బండి కదిలించేవారు కారు. కంపెనీ కాగితాలలో ఎక్కడా వ్రాసిలేని ఈ పద్ధతికి కార్మికులే "రాజన్న నడక" అని పేరు పెట్టుకున్నారు.

దీనికి మూలం పదహారేండ్ల నాటిది. ఒక ముసురుపట్టిన ఉదయం కనకరాజు పన్నెండో వరుస దగ్గర నిలిచి, గాలి రెండుసార్లు ఎగబీల్చి, చెయ్యెత్తి అందరినీ ఆపివేశాడు. అడుగు పీపా ఒకటి కంటికి ఆననంత సన్నగా చీలి, దాని ఆవిరి నేలబారున పరుచుకొని ఉంది. ఆ పూట ఒక్క నిప్పురవ్వ రాలి ఉంటే, యార్డులో ఉన్న ఏడుగురిలో ఒక్కరూ ఇల్లు చేరి ఉండేవారు కారు. నాటినుంచి గాలిలోని ఆవిరిని కొలిచే మీటర్లు వచ్చినా, గోడలకు హెచ్చరిక బోర్డులు వెలసినా, కార్మికులు రాజన్న ముక్కునే నమ్మారు. షిఫ్టు అధికారి గిరిప్రసాద్ సైతం, కోస్తానుంచి వచ్చి ఉప్పల్లో స్థిరపడిన చదువుకున్నవాడై ఉండి కూడా, ఆ నమ్మకానికి అడ్డు చెప్పలేదు.

ఆ ముక్కు పోయి పది నెలలయింది. కిందటి వానాకాలంలో వచ్చిన జ్వరం వారం రోజులకు తగ్గింది గాని, పోతూ పోతూ వాసన అనే దానిని తనతో పట్టుకుపోయింది. వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు ఉప్పల్ దవాఖానా డాక్టరు. కనకరాజు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అందరికన్నా ముప్పావుగంట ముందే యార్డుకు పోయి, ఆఫీసు గోడకు వేలాడే మీటరు తీసుకొని, వరుసలన్నీ రహస్యంగా చూచుకొని, మీటరును యథాస్థానంలో తగిలించేవాడు. ఎనిమిదింటికి అందరియెదుట మళ్ళీ నడిచేవాడు. గడిచిన నెలలో ఒకనాడు ఉప్పల్ చౌరస్తాలో బస్సు గంటసేపు చిక్కుకుపోయింది. అతడు గేటు దాటేసరికి అందరూ వరుసతీరి ఎదురుచూస్తున్నారు. ఆనాడు మీటరు లేదు, ముక్కు లేదు. అయినా నడిచాడు. చివరికి వచ్చి "సాఫ్" అన్నాడు. ఏమీ జరగలేదు. కాని ఆ రాత్రినుంచి అతనికి అన్నం సయించలేదు.

పోచారంలో కంప్యూటర్ కొలువు చేస్తున్న కూతురు హరిత, తండ్రి చిక్కిపోవడం చూచి అలసట అనుకున్నది. ముప్పైయొక్క సంవత్సరాల కొలువులో అతడు ఊరు దాటి సెలవు గడిపింది లేదు. సముద్రపుటొడ్డున తోటలో గుడారాలు వేసి మనుషులను ఉండనిచ్చే చోటొకటి కనుగొని, అమ్మానాన్నలను మూడు రోజులకు బయలుదేరదీసింది. కనకరాజు మారుమాట లేకుండా ఒప్పుకోవడం భార్య రాణికి వింతగా తోచింది. సముద్రపు గాలి సోకితే పోయినది తిరిగి రావచ్చునన్న ఆశ అతని కడుపులో ఉన్నదని ఆమెకు తెలియదు.

హరితే కారు నడిపింది. అద్దంకి మీదుగా చీరాల దాటి, మెత్తని ఇసుకదారిలో ఆ తోటకు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. జీడిమామిడి చెట్ల కింద నాలుగే గుడారాలు. ఒక్కొక్క దానిలో రెండేసి నులకమంచాలు, ఒక లాంతరు, మూతపెట్టిన మంచినీళ్ళ కుండ. ఒకపక్క వేరుశనగ చేను, దాని అవతల సరుగుడు తోపు, తోపు వెనుక ఇసుకదిబ్బ, దిబ్బకు అవతల సముద్రం. తోట యజమాని సీతారామయ్య డెబ్బై దాటిన రైతు. ఎవరినీ వినోదపరచాలన్న తాపత్రయం ఆయనకు లేదు. స్నానానికి నీళ్ళు ఎక్కడ తోడుకోవాలో, ఫోను దిబ్బమీద తప్ప మరెక్కడా అందదని, పాటల పెట్టెలు పెట్టకూడదని చెప్పి, తన చేను పనికి తాను పోయాడు.

నీళ్ళు దొరువునుంచి తోడుకోవాలి. దొరువంటే ఇసుకలో నిలువెత్తు లోతున తవ్విన గుంట. సముద్రానికి అంత చేరువలో ఉండి కూడా దాని నీళ్ళు తియ్యగా ఉంటాయి. మెట్లు దిగి బిందెతో ముంచుకోవచ్చు. రాణి దోసిటితో తాగి చూచి, పక్కన అంత ఉప్పు పెట్టుకొని ఇది ఎట్లా చెడకుండా ఉన్నదని చాలాసేపు ఆశ్చర్యపడింది.

సాయంకాలం ముగ్గురూ దిబ్బ ఎక్కారు. కనకరాజు సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. కూతురు ఫొటోలు తీస్తూ ముందుకు సాగిపోగా, అతడు తడి ఇసుక మీద ఒంటరిగా నిలిచి, కళ్ళు మూసుకొని, రొమ్మునిండా గాలి పీల్చాడు. చల్లదనం తెలిసింది. పెదవిమీద ఉప్పు తెలిసింది. మళ్ళీ పీల్చాడు. పన్నెండో వరుస దగ్గర నిలిచినట్లే, తల కొంచెం వంచి, నెమ్మదిగా, ఓపికగా, ఎన్నోసార్లు పీల్చాడు. గాలి వచ్చింది, పోయింది. అందులో ఏమీ లేదు. చీకటి పడేదాకా నిలబడి, గుడారానికి తిరిగివచ్చాడు.

మరునాడు పొద్దున చెట్టుకింద చాపలు పరచి సీతారామయ్య ఇంటివారు పెసరట్లు, అల్లం పచ్చడి పంపారు. తింటూ ఉండగా గాలి మళ్ళింది. ఉత్తరాన మైలుదూరంలో చేపలు ఎండబెట్టే చోటు ఉన్నది. అక్కడి కుళ్ళువాసన ఒక్కసారిగా తోటనంతా ముంచెత్తింది. హరిత దుపట్టాతో ముఖం కప్పుకున్నది. రాణి చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. కనకరాజు మాత్రం పెసరట్టు తుంచి, పచ్చడి అద్దుకొని, నిమ్మళంగా నోట పెట్టుకున్నాడు. అప్పుడు తల యెత్తాడు. భార్యను చూచాడు, కూతురిని చూచాడు. ఆ తర్వాత గాని భుజంమీది తువ్వాల తీసి ముక్కుకు పెట్టుకోలేదు.

"ఏమీ అనుకోకండమ్మా, ఈ గాలి మా మాట వినదు. పావుగంటలో మళ్ళీ తిరుగుద్ది," అన్నాడు పళ్ళేలు తెచ్చిన సీతారామయ్య నొచ్చుకుంటూ.

"మా నాయిన ముక్కంటే నాచారం మొత్తం ఎరుక తాతా," అన్నది హరిత నవ్వుతూ. "ఇయ్యాల దానిక్కూడా సెలవిచ్చినట్టుండు."

ఆయనా నవ్వాడు. రాణి నవ్వలేదు. భర్త చేతిలోని తువ్వాలనే చూస్తూ కూర్చున్నది.

అటు తర్వాత కొంతసేపటికి కనకరాజు దిబ్బమీదికి పోగా ఫోను మోగింది. గిరిప్రసాద్. రెండు ట్యాంకర్లు వచ్చి గేటు బయట ఆగి ఉన్నాయని, పన్నెండో వరుస పీపాలు కదిలిస్తే తప్ప చోటు లేదని, రాజన్న రానిదే తాము చెయ్యిపెట్టమని కార్మికులందరూ ఒక్కమాటమీద ఉన్నారని చెప్పాడు. మీటరు చూపినా వినడం లేదట. ఎల్లుండి తప్పక రావాలన్నాడు. కనకరాజు వస్తానన్నాడు. వెనుదిరిగేసరికి ఖాళీ బిందె చంకన పెట్టుకొని రాణి నిలబడి ఉంది. ఏమని ఫోనంటే దాచకుండా చెప్పాడు. ఆమె విని, దొరువు వైపు నడిచింది. అతడు వెంట నడిచాడు. మెట్టుమీద బిందె దించి, అప్పుడు అడిగింది.

"ఇగో, ఒక్కటడుగుత. అబద్ధమాడకు. ఇందాక కంపు కొట్టినప్పుడు నువ్వు ముందు నా మొఖం సూసినవ్. తర్వాత తువ్వాల దీసినవ్. నీకు వాసన ఎప్పటిసంది వస్తలేదు?"

కనకరాజు భుజంమీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"జరమొచ్చినప్పటిసంది."

పది నెలలుగా అర్థం కానివన్నీ ఆమెకు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. పాలు అడుగంటి ఇల్లంతా పొగచూరిన రోజు అతడు పక్కగదిలో పేపరు చదువుకుంటూ ఉన్నాడు. పులిసిపోయిన పప్పును బాగుందని తిన్నాడు. తన వంటను లెక్కచేయడం మానినాడని ఆమె లోలోపల నొచ్చుకున్నది.

"నాకు జెప్పకపోతివి, పోనీ. గిరి సారుకు జెప్పినవా?"

అతడు తల అడ్డంగా ఊపాడు. తరువాత, రహస్యపు మీటరు సంగతి, బస్సు చిక్కుకున్న నాటి సంగతి, ఏదీ మిగల్చకుండా చెప్పాడు. రాణి మెట్టుమీద కూర్చున్నది.

"ఏడుగురిని బతికిచ్చినవని పదహారేండ్లు మురిసిన," అన్నది. "గిప్పుడు అందర్నీ గుడ్డిగ నీ ఎనక నడిపిస్తున్నవా?"

"జెప్తే, ఎనిమిదింటికి నాకోసం ఎవరాగుతరే? గా ఒక్క నడక దప్ప నాకేమున్నది?"

ఆమె లేచి, బిందె ముంచి, నిండిన బిందెను మెట్టుమీద పెట్టింది.

"ఫోన్ దిబ్బ మీదనే కలుస్తదన్నరు గదా," అన్నది.

కనకరాజు దిబ్బ ఎక్కుతూ రెండుసార్లు ఆగాడు. ఫోను ఎత్తిన గిరిప్రసాద్, రేపే బయలుదేరుతున్నారా అని ఉత్సాహంగా అడిగాడు.

"నాకోసం ఆగకున్రి సార్. మీటర్ పెట్టి సూసినంకనే పీపాలు కదిలియ్యున్రి. నాకు వాసన వస్తలేదు. పది నెలలాయె."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడయింది.

"పోయిన నెల మీరు లేటుగా వచ్చిన రోజు?" అన్నాడు గిరిప్రసాద్.

"ఆ దినం మీటర్ గూడ లేదు సార్. ఉత్తగనే నడిసిన."

"ఇది నేను పైవాళ్ళకి చెప్పకుండా ఉండలేను, రాజన్నా."

"చెప్పున్రి సార్. అందుకే ఫోన్ జేసిన."

ఫోను జేబులో పెట్టుకొని కూర్చున్నాడు. రాణి వచ్చి పక్కన చతికిలబడింది. ఎదుట అలలు ఒకదాని వెనుక ఒకటి విరుగుతున్నాయి. అతడు, ఇంతకాలం నోట రానివ్వని మాట అడిగాడు.

"ఇప్పుడేం వాసనొస్తుంది?"

రాణి తల తిప్పి గాలికి ఎదురుగా ముఖం పెట్టింది. అటువంటివి మాటలలో చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

"చేపల కంపు పోయింది," అన్నది తడుముకుంటూ. "ఉప్పున్నది. నానిన వలతాళ్ళ వాసనున్నది. ఎనకనుంచి పల్లి చేను... పచ్చిగ, ఆకు నలిపినట్టు."

అతడు ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ విన్నాడు.

సెలవు ముగించుకొని యార్డుకు వెళ్ళిన ఉదయాన కనకరాజు చేతికి మెమో వచ్చింది. వరుసలను చూచి అనుమతి ఇచ్చే బాధ్యతనుంచి అతణ్ణి తప్పించారు. పదవీ విరమణకు మిగిలిన ఏడు నెలలూ, ఆవిరి ఎక్కడెక్కడ పల్లానికి జారి నిలుస్తుందో, వానవెలిసినాక ఏ కాలువ దగ్గర వంగి చూడాలో ఇద్దరు కొత్తవారికి నేర్పాలి. అతడు చదివి సంతకం పెట్టాడు.

బయట అందరూ వరుసగా నిలబడి ఉన్నారు. వార్త వారికి ముందే చేరింది. ఎవరూ పలకరించలేదు. పీపాలకు చీటీలు అంటించే లక్ష్మీనర్సమ్మ మాత్రం ముందుకు వచ్చింది. నాటి ఏడుగురిలో ఆమె ఒకతె.

"ముక్కు పోతే పోయె రాజన్నా," అన్నది. "పది నెలలు నోరు గూడ పోయిందా?"

ఎవ్వరూ నవ్వలేదు. అతడు తల వంచుకున్నాడు. ఆమె కాసేపు చూచి, దారి ఇచ్చి పక్కకు తొలగింది.

"నడువు మరి. పొద్దెక్కుతున్నది."

కనకరాజు మీటరును ఈసారి అందరికీ కనబడేటట్లు కుడిచేత పట్టుకొని నడిచాడు. కొత్తవారిద్దరూ వెనుక వచ్చారు. పన్నెండో వరుస దగ్గర ఆగి, మోకాళ్ళమీద వంగి, నేలకు జానెడెత్తున మీటరు నిలిపాడు. అలవాటుచొప్పున గాలి రెండుసార్లు ఎగబీల్చాడు. ఆ తర్వాత అంకె చూచాడు.

చివరి కొసకు వచ్చి మీటరును గిరిప్రసాద్ చేతికి ఇచ్చాడు. గిరిప్రసాద్ అంకెను తన కళ్ళతో చూచి, కాగితంమీద వేసుకొని, తల యెత్తాడు. ఆ మాట వినపడేదాకా కనకరాజు కూడా అందరితోపాటు వరుసలోనే నిలబడ్డాడు.

"సాఫ్," అన్నాడు గిరిప్రసాద్.

బండ్లు కదిలాయి.