తాకిన చోటే నోరు

బతికున్న కొర్రమీను ఒక పట్టాన చేతికి చిక్కదు. అందుకే మా ఆవిడ సందు చివరి బేకరీ బట్టీ నుంచి బూడిద తెప్పించి ఉంచుకుంటుంది, అది అద్దితే చేప జారదు. ఆ ఆదివారం బూడిద నిండుకుంది. ఉత్త చేతులతో పట్టుకోబోతే చేప జారి, ముల్లు ఆమె కుడి చూపుడువేలిలో దిగింది.

మంగళవారానికి వేలు వాచి ఎర్రబడింది. హుస్సేనీ ఆలంలో ఒక క్లినిక్కుకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఎరుపు ఆగిన చోట పెన్నుతో నీలం గీత గీసి, మాత్రలు రాసింది.

"ఎల్లుండి రండ్రి. ఎరుపు ఈ గీత దాటితే కోయాల్సొస్తది. కీలు పక్కనే ఉన్నది, వేలు బిగుసుకపోవచ్చు."

మా ఆవిడ ముఖం వాడిపోయింది. చీరలకు ఫాల్స్, జాకెట్లకు హుక్కులు కుట్టే చెయ్యి అది. ఆ పని లేకపోతే ఆమెకు పొద్దుపోదు.

నాకు భయం వేస్తే ప్రశ్నలు పుడతాయి.

"తెల్లకణాలు క్రిముల్ని తింటయంటరు గదమ్మా, ఎట్ల పట్టుకుంటయి? వాటికి కండ్లు లేవు, చేతులు లేవు."

"క్రిములు వదిలే పదార్థాల జాడ పట్టుకొని పాక్కుంట పోతయి అంకుల్. కొన్ని క్రిముల మీద జారుడు పొర ఉంటది, దొరకవు. అప్పుడు రక్తంల ప్రొటీన్లు పోయి వాటికి అంటుకుంటయి. దాంతోని కణానికి పట్టు దొరుకుతది."

"బూడిదె అద్దినట్టన్నమాట," అంది మా ఆవిడ. "ఒంట్ల ఉన్నది, ఇంట్లనే లేకపాయె!"

"మరి నోరు?" అన్నాను.

"తాకిన చోటే నోరు. కణం అంచులు క్రిమి చుట్టూ పాకి కలుసుకుంటయి. క్రిమి సంచిల పడ్డట్టు లోపలికి పోతది, అండ్లనే అరుగుతది. ఇంతకు మీ ఫికర్ క్రిముల గురించా, అమ్మ గురించా?"

"ఆయనకు రెండూ ఒకటే బిడ్డా!"

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర చూస్తే ఎరుపు ఆ నీలం గీతను ఆనుకుని ఉంది. రోజూ రాసుకునే డైరీలో ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. లోపల ఎక్కడో ఒక కణం అంచులు ఇంకా కలవలేదేమో అనుకున్నాను. మళ్లీ మళ్లీ చూస్తుంటే ఆమె చెయ్యి లాక్కుంది.

"సూసి సూసి అరగదీస్తరా ఏంది?"

గురువారం నాటికి ఎరుపు ఆ గీతకు బాగా ఇవతలికి వచ్చేసింది. డాక్టరమ్మ నొక్కితే ముల్లు గుచ్చుకున్న చోట కాస్త చీము వచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు మా ఆవిడ వేలు ముడిచి, చాపింది. కొంచెం నొప్పితోనే అయినా పూర్తిగా ముడుచుకుంది.

"కోసేది లేదు అంకుల్."

"మరి ఈ చీమేందమ్మా?"

"క్రిముల్ని మింగి సచ్చిపోయిన కణాలే ఎక్కువ."

మా ఆవిడ చీము తుడుచుకున్న దూదిని ఒక క్షణం చూసింది.

"పాపం, మస్తు కష్టపడ్డయి," అంటూ బుట్టలో వేసింది.