దోన్ కాసిమిరో భూతద్దం

దోన్ కాసిమిరో పిరబాన్‌కు లోకంలో ఒకే ఒక్క ప్రశ్న తెలుసు. "ఏ సంవత్సరం?"

ఎవరు పాత రేసు సైకిలు తెచ్చినా సరే, ఫ్రేము ఏ ఏటిదో దాని మీది ప్రతి మరా, ప్రతి పెడలూ ఆ ఏటివే అయి ఉండాలి. తేడా వచ్చిందా, ఆయనకు అన్నంలో రాయి తగిలినట్టే. భూతద్దం తీసి, చిటికెనవేలి గోటితో లోహాన్ని మెల్లిగా తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగి, "ఇది తప్పు సంవత్సరం, తీసెయ్యండి" అనేవారు. తీసినదాన్ని తన బిస్కెట్ల డబ్బాలో వేసుకుని, బదులుగా ఇంకొకటి తానే బిగించేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. తీసుకుని ఉంటే మాకు తిట్టడానికి ఇంకాస్త వీలుగా ఉండేది.

ఆ ప్రశ్న సైకిళ్ళ దగ్గర ఆగలేదు. వయసులో ఉన్నప్పుడు తపాలా ఆఫీసులో పనిచేసే ఒకావిడను కాఫీకి పిలిచి, కూర్చోగానే అదే అడిగారట. ఆవిడ కాఫీ వదిలేసి వెళ్ళిపోయింది, ఈయన బ్రహ్మచారిగా మిగిలిపోయారు. మా నాన్న పోయినప్పుడు శవపేటిక పిడుల మీదికి వంగి, "ఇవి డెబ్భైల నాటివి, మీ నాన్న ఎవరిస్తో ముప్ఫైల మనిషి, నప్పవు" అని నా చెవిలో అన్నారు. ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను. మా పిన్ని నాతో నెల రోజులు మాట్లాడలేదు.

బొయాకా కొండల్లో మా ఊళ్ళో పాత రేసు సైకిలు లేని మగవాడికి మర్యాద లేదు. కసాయి అన్సెల్మో తన బ్రేకు పిడులకు బెజ్జాలు వేయించి నలభై గ్రాముల బరువు తగ్గించాడు. ఆ సంతోషంలో ప్రతి ఆదివారం అరకిలో పంది తోలు వేయించుకుని తింటాడు. సైకిలు తొమ్మిది కిలోలు, మీద కూర్చునేది నూట పది.

ఇలాంటి మహావీరులందరికీ జూలై పదహారంటే దడ. ఆ రోజు కార్మెన్ మాత పండగ. బస్సులకూ లారీలకూ పూలు కట్టి ఫాదర్ చేత పవిత్రజలం చల్లిస్తారు. వాటి ముందు మా పాత సైకిళ్ళు కొండ మీది గుడిదాకా ఎక్కి, పంతొమ్మిది మలుపులూ దిగి వస్తాయి. ఫాదర్ ఆశీర్వాదం ఎగ్గొట్టినా ఫరవాలేదు గాని, చర్చి మెట్ల దగ్గర దోన్ కాసిమిరో తనిఖీ తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

మా నాన్న తన సైకిలు మీద యాభై ఎనిమిదిలో దేశమంతా తిరిగే రేసులో చివరివాడిగా వచ్చారు. చివరనైనా వచ్చారు, సగం మంది దారిలోనే ఆగిపోయారు. ఆయన పోయాక వచ్చిన మొదటి పండగకు ఆ సైకిలు మీద నేనే కొండ దిగుతానని మొక్కుకున్నాను. నాన్న బిగించిన ఒక్క మర కూడా మార్చనని ఒట్టు పెట్టుకున్నాను. నేను రొట్టెలు కాల్చి అమ్ముకునే మనిషిని. వారం రోజులు కొట్టు మూసి, సైకిలు మీద సంవత్సరం ముద్ర ఉన్న ప్రతిచోటా నిమ్మకాయతో తోమాను.

దోన్ కాసిమిరో గోరు హ్యాండిల్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే అల్యూమినియం మెడ దగ్గర ఆగింది.

"ఇది తప్పు సంవత్సరం, ఒతీలియమ్మా. అరవై ఒకటి."

"యాభై ఎనిమిదని ముద్ర ఉంది, కింద చూడండి."

చూశారు. భూతద్దంతో మళ్ళీ చూశారు. "అరవై ఒకటే," అన్నారు.

అన్సెల్మో వంగి చూసి యాభై ఎనిమిదన్నాడు. ఫాదర్ కళ్ళజోడు సర్దుకుని మరీ అదే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఇంతకీ మీ కళ్ళు ఏ సంవత్సరానివి?" అన్నాను. జనమంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. భుజాల మీద కప్పుకున్న ఉన్ని దుప్పటి, రువానా, తీసి పరుచుకుని నా ముందు చక్రానికి అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు.

వెనక బస్సులన్నీ హారన్లు మోగించాయి. చివరికి ఆయనే లేచి, నలభై ఏళ్ళుగా ఈగను కూడా వాలనివ్వని తన సొంత సైకిలు హ్యాండిల్ విప్పి, దాని మెడ ఊడదీసి నా సైకిలుకు బిగించారు. అరగంట పట్టింది. తర్వాత ఉత్త హ్యాండిల్ ఒళ్ళో పెట్టుకుని, ఫాదర్ ట్రక్కులో కార్మెన్ మాత విగ్రహం పక్కన కూర్చుని కొండెక్కారు. నేను మాత్రం మలుపుకొక తిట్టు చొప్పున ఆయన్ను తిట్టుకుంటూ దిగాను. చివరి రెండు తిట్లు కొత్తగా కనిపెట్టాల్సి వచ్చింది.

సాయంత్రం నాన్న సైకిలు మెడ లాక్కొద్దామని దోన్ కాసిమిరో షెడ్డుకు వెళ్ళాను. ఆయన బెల్లం నీళ్ళు కాస్తున్నారు. బల్ల మీద బిస్కెట్ల డబ్బా తెరిచి ఉంది. లోపల ప్రతి ముక్కకూ దారంతో ఒక పేరు కట్టి ఉంది: అన్సెల్మో, ఫాదర్ తమ్ముడు, ఊళ్ళో సగం మంది. ప్రతిదాని మీదా వెంట్రుకంత సన్నని గీత, దాని చుట్టూ ఎర్ర పెన్సిలు గుర్తు.

దోన్ కాసిమిరో నాన్న వస్తువును రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టారు. ఎండిన రొట్టెలా రెండు ముక్కలైంది.

పంతొమ్మిది మలుపులూ గుర్తొచ్చాయి. ఆ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకున్నాను.

"పగిలిందని చెప్పొచ్చుగా," అన్నాను.

"చెబితే మీరు, మా నాన్న వస్తువు పగలదని దిగేవారు. కొత్తది కొనే స్థోమత లేనివాడు ఏం కాదులే అని దిగేవాడు. తప్పు సంవత్సరం అంటే సిగ్గుపడి తీసేస్తారు. ఈ ఊళ్ళో వాళ్ళకి మెడ విరుగుతుందంటే భయం లేదమ్మా, నలుగురూ నవ్వుతారంటే భయం."

ఆయన పోసిచ్చిన బెల్లం నీళ్ళు తాగి, డబ్బా మూత నేనే పెట్టాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరుసటి పండగకు దోన్ కాసిమిరో తన సైకిలు హ్యాండిల్ మీద రువానా కప్పి తెచ్చారు. నాకిచ్చిన మెడకు బదులు, ఏడాది వెతికినా యాభై ఎనిమిది నాటిది ఆయనకు దొరకలేదు. అన్సెల్మో రువానా లాగేసరికి, తళతళలాడే నల్లటి కొత్తరకం మెడ బయటపడింది. నలభై ఏళ్ళుగా ఊరంతా ఎదురుచూసిన గడియ అది.

"భూతద్దం ఒతీలియా చేతికివ్వండి," అన్నారు అందరూ.

తీసుకున్నాను. ఆయన చేసినట్టే గోటితో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమాను. ఎక్కడా పగులు లేదు. దాని మీద ఎనభై నాలుగు అని భూతద్దం అక్కర్లేనంత పెద్ద అంకెలున్నాయి.

"ఏ సంవత్సరం?" అన్నాడు అన్సెల్మో, గొంతులో పండగే పండగ.

"యాభై ఎనిమిది," అన్నాను.

దోన్ కాసిమిరో నా చేతిలోంచి భూతద్దం తీసుకుని, రువానా అంచుతో తుడిచి, జేబులో వేసుకున్నారు.

"సరిగ్గా చదివారు," అన్నారు.