చెక్కగోడ అవతలి టీచర్

మూడో తరగతి ఎ సెక్షన్ టీచర్‌ని చూసి నేను ఆరేళ్ళు కుళ్ళుకున్నాను. అసూయ అంటే కాస్త మర్యాదగా వినిపిస్తుంది గానీ, నాది అంత మర్యాదైన వ్యవహారం కాదు. ఆవిడ వరండాలో నడిచి వెళ్తుంటే వెనక నుంచి ఆ నడక చూసినా నాకు ఒళ్ళు మండేది.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఆవిడని చాటుగా ‘నిదానం’ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిన ఘనత నాదే. మొదటి గంట కొట్టాక ఆవిడ గొడుగు మడిచి, దాన్ని మూలన ఆనించి, అది జారిపడదని నమ్మకం కుదిరాకే హాజరు పట్టీ తీసేది. ఆపాటికి నా గదిలో పిల్లలు ఎక్కాలు రెండు అప్పజెప్పేసి ఉండేవారు.

నాది బి సెక్షన్. మా రెండు గదుల మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలకలు. ఎప్పుడో ఒకటే పెద్ద హాలు, మధ్యలో అడ్డం కట్టారు. అవతల పెన్సిల్ కింద పడితే ఇవతల నా పిల్లలు తమ పెన్సిళ్ళు చూసుకునేవారు. అందుకే ఆవిడ చెప్పిన ప్రతి పాఠం నేను విన్నాను. వినకూడదనుకున్న రోజున ఇంకా బాగా వినపడేది.

టీచర్ కాకముందు ఆవిడ పన్నెండేళ్ళు దర్జీ దుకాణంలో పనిచేసింది. రాత్రిబడికి పోయి, ప్రైవేటుగా పరీక్షలు కట్టి, ముప్పై రెండో ఏట ట్రైనింగ్ పూర్తిచేసుకుని వచ్చింది. అమ్మతో కలిసి బస్టాండు వెనక రెండు గదుల వాటాలో ఉంటుంది. పెళ్ళి సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నేనేమో ట్రైనింగ్‌లో మొదటి ర్యాంకు. ఆ ర్యాంకు సంగతి బళ్ళో తెలియనివాళ్ళు లేరు, నేనే చెప్పాను కాబట్టి.

మా బళ్ళో వారం లెక్క ఒకటి ఉంది. సోమవారం చదవడం, మంగళవారం రాయడం, బుధవారం వ్యాకరణం, గురువారం లెక్కలు, శుక్రవారం పరీక్ష. ప్రతి సోమవారం పొద్దున ‘ఈ వారం’ అని ఒక కాగితం రాసి ఎవరి గది తలుపుకి వాళ్ళు అంటించాలి. నా కాగితంలో నాలుగు గళ్ళు, నాలుగు రంగుల సిరా. ఆవిడ కాగితం మీద ఒక్కోసారి ఒక్క ముక్కే ఉండేది: ‘పోయిన వారం పాఠమే. ఇంకా నలుగురికి రాలేదు.’ అలా తలుపు మీద పెట్టుకోవడానికి సిగ్గేమీ పడేది కాదు. తల్లులు వచ్చి ముందు నా కాగితం చదివి మెచ్చుకునేవాళ్ళు. తర్వాత పెద్ద మేడమ్ గదికి వెళ్ళి, మా పాపని ఎ సెక్షన్‌కి మార్చమని అడిగేవాళ్ళు. నా కడుపు మండదా మరి?

లెక్కలు చెప్పడానికి ఆవిడ దగ్గర ఉన్నదల్లా ఒక గుండీల డబ్బా, అరిగిపోయిన టేపు. ఆ టేపుతో బెంచీలు, కిటికీలు, ఒకరి చేతులొకరు కొలుచుకుంటూ పిల్లలు కూడికలు తీసివేతలు చేసేవాళ్ళు. ఎవడైనా తప్పు చేస్తే కొట్టివేత ఉండదు, కేక ఉండదు. “విప్పి మళ్ళీ కుడదాం” అనేది, అంతే. చెక్కల్లోంచి ఆ మాట రోజుకి ఇరవైసార్లు నా గదిలోకి వచ్చేది. ఇదేం పాఠం, రవికా ఇది, అనుకునేదాన్ని పళ్ళు కొరుక్కుంటూ.

ఇదంతా ఒక ఎత్తు. ఆరో ఏడు మా బుజ్జి మూడో తరగతికి వచ్చింది.

టీచర్ల పిల్లలు సొంత తల్లి సెక్షన్‌లో కూర్చోకూడదని మా బడి నియమం. ఉన్నవి రెండే సెక్షన్లు. నా ఒక్కగానొక్క కూతుర్ని పలక చేతికిచ్చి నేనే ఆ గది గుమ్మం దాకా తీసుకెళ్ళి అప్పజెప్పి రావాల్సి వచ్చింది. “ఇలా రా తల్లీ” అందావిడ. బుజ్జి వెళ్ళింది, వెనక్కి తిరిగి చూడలేదు.

వారం తిరక్కుండానే ఇంట్లో నాకు పాఠాలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం తీసివేత తప్పు చేసిందని నేను ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీశాను. అది నా చెయ్యి పట్టుకుని, “గీయకమ్మా, విప్పి మళ్ళీ కుడదాం” అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన పేపరు దించి నవ్వాడు.

“ఇంట్లో ఇద్దరు టీచర్లున్నారన్నమాట. ఒకరు కనపడరు.”

“మీరు నవ్వండి. దానికి ఇంతవరకు ఒక్క పేజీ చదవడం రాలేదు తెలుసా? అదీ ఆవిడ నిర్వాకం.”

ఆ మాట నిజమనే నమ్మాను. నేను పుస్తకం తెరిచి ఎదురుగా కూర్చోబెడితే బుజ్జి గౌను అంచు మెలిపెట్టేది, పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. నేను ఒక్కో పదం కింద పెన్సిల్ ఆనించి, టక్ మని బల్ల మీద కొట్టేదాన్ని. నాలుగేళ్ళప్పటి నుంచి దానికి అలాగే నేర్పాను. టక్. ఊహూ. టక్. ఊహూ. “మా టీచర్ దగ్గర చదువుతాను” అనేది చివరికి.

“అయితే మీ టీచర్‌నే అమ్మా అని పిలువు” అన్నాను ఒకసారి. ఎనిమిదేళ్ళ పిల్లతో అనాల్సిన మాట కాదు. అన్నాను.

శుక్రవారం పరీక్షలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరి తరగతి పిల్లలకి వాళ్ళు మార్కులు ఉదారంగా వేసుకుంటారని పెద్ద మేడమ్‌కి అనుమానం. అందుకని ఎ సెక్షన్ పిల్లల చదువు నేను వినాలి, నా సెక్షన్ పిల్లల చదువు ఎ సెక్షన్ టీచర్ వినాలి. వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఒక నిమిషం పాటు చదువుతారు. ఎన్ని పదాలు చదివారో లెక్కపెట్టి పట్టీలో రాయాలి. సోమవారం ఆ పట్టీలు పెద్ద మేడమ్ చూస్తుంది.

ఆ ఏడు మధ్యలో పిల్లలు తగ్గిపోయారు. వచ్చే నెల నుంచి మూడో తరగతి ఒకటే సెక్షన్ అని పెద్ద మేడమ్ చెప్పింది. ఒకరికి తరగతి, రెండోవారికి ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టర్లు. మూడు శుక్రవారాల పట్టీలు చూసి తేలుస్తానంది. ఇరవై రెండేళ్ళు సుద్దముక్క పట్టిన చేతులివి. ఆ దర్జీ ముందు ఓడిపోయి రిజిస్టర్లకి అట్టలు వేసుకోవడం కంటే ఉద్యోగం మానేయడం మేలనుకున్నాను.

నా పిల్లలు గడగడా చదివారు. ఆవిడ నిజాయితీగా అంకెలు వేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆవిడ పిల్లలు నా ముందు కాస్త తడబడ్డారు, వాళ్ళు తడబడిన ప్రతి చోటా నేను గీత పెట్టాను. బుజ్జి మూడు వారాలూ వచ్చి నిలబడింది. మూడు వారాలూ నోరు విప్పలేదు. మూడో శుక్రవారం దాని గడిలో సున్నా రాసి, పక్కన ఇలా రాశాను: ‘ఈ విద్యార్థిని మూడు వారాలుగా ఒక్క పదం చదవలేదు. ఎ సెక్షన్ బోధన పరిశీలించగలరు.’ రాస్తున్నప్పుడు అది నా కూతురన్న సంగతి గుర్తుంది. గుర్తుండే రాశాను. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది.

సోమవారం బడి వదిలాక పెద్ద మేడమ్ పట్టీ పట్టుకుని ఎ సెక్షన్ గదికి వచ్చింది. నన్నూ పిలిచింది. బుజ్జి పుస్తకం పట్టుకుని బోర్డు దగ్గర నిలబడి ఉంది. నిదానం గుండీలు డబ్బాలో వేస్తోంది, ఒక్కొక్కటే.

“ఈ పాపకి చదవడం రాదా?” అంది పెద్ద మేడమ్.

“వచ్చండి. రోజూ నా పక్కన నిలబడి చెవిలో చదువుతుంది” అందావిడ.

“చదివితే మూడు వారాల్లో ఒక్కసారైనా వినేదాన్ని కదండీ” అన్నాను నేను.

పెద్ద మేడమ్ బుజ్జిని చదవమంది. బుజ్జి నా వంక చూసింది, గౌను అంచు పట్టుకుంది. పుస్తకం తెరవలేదు. లోపల్లోపల నాకు సంతోషమేసింది. కన్నతల్లిని, అయినా సంతోషమేసింది.

అప్పుడు ఆవిడ డబ్బా మూత పెట్టి నా వైపు తిరిగింది. “ఏమనుకోకండి. ఒక్క నిమిషం మీ గదిలో కూర్చుంటారా?”

“నేనెందుకండీ వెళ్ళడం?”

“వెళ్ళండి టీచర్” అంది పెద్ద మేడమ్.

తల కొట్టేసినట్టయింది. వెళ్ళి నా గదిలో చెక్కల పక్కన నిలబడ్డాను. అవతల గుండీల డబ్బా బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత బుజ్జి గొంతు.

“అమ్మ వెళ్ళిపోయిందా?”

“వెళ్ళిందమ్మా.”

“పెన్సిల్ కూడా తీసుకెళ్ళిందా?”

“తీసుకెళ్ళింది.”

నా చేతిలో చూసుకున్నాను. నిజమే, ఉంది.

బుజ్జి చదవడం మొదలుపెట్టింది. బావిలో పడ్డ చెంబు కోసం ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకునే పాఠం. మెల్లగా, కూడబలుక్కుంటూ. ఒకచోట తప్పింది. ఆగి, తనలో తానే “విప్పుతా” అనుకుని, వెనక్కి వెళ్ళి సరిగ్గా చదివింది. అలవాటు కొద్దీ నేను వాచీ చూస్తూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. నిమిషానికి యాభై ఎనిమిది. నిమిషం అయిపోయినా అది ఆగలేదు. అన్నకి ఒక గొంతు, తమ్ముడికి ఒక గొంతు పెట్టి చివరి దాకా చదివింది. నా కూతురికి గొంతులు మార్చడం వచ్చని నాకు తెలియదు. పెద్ద మేడమ్ నవ్వు వినపడింది.

ఆనందం వేసిందని రాస్తే అబద్ధం. ముందు కలిగింది కుళ్ళే. నేను కని, పెంచి, అక్షరాలు దిద్దించిన పిల్ల, మొదటిసారి గొంతెత్తి పుస్తకం చదివింది, అదీ ఆవిడ కోసం. నా కోసం కాదు. నేను వెళ్ళిపోతేనే చదివింది. ఆ మంటలో ఏడుపొచ్చింది. మంట కొంచెం తగ్గాక, దాని వెనక ఇంకో సంగతి కనపడింది. తరగతి నాకొస్తే మూడో తరగతికి ఉండేది ఒకటే గది. నియమం ఏం చెప్పినా బుజ్జికి వేరే చోటు లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ఎదురుగా కూర్చుంటుంది, మాట్లాడకుండా.

పెద్ద మేడమ్ పట్టీ తీసుకుని నా గదిలోకి వచ్చింది. “విన్నారుగా?”

సున్నా కొట్టేసి యాభై ఎనిమిది రాశాను. పక్కన నేను రాసిన వాక్యం కూడా కొట్టేశాను. “తరగతి ఆవిడకే ఇవ్వండి మేడమ్” అన్నాను. పెద్ద మనసుతో అన్న మాటేమీ కాదు. ఆ క్షణాన కూడా ఆవిడని చూస్తే నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

సంచీ సర్దుకుని వరండాలోకి వచ్చేసరికి బుజ్జి గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూడగానే పుస్తకం వీపు వెనక్కి దాచుకుంది.

“అమ్మా, నువ్వు విన్నావా?”

ఆరేళ్ళుగా ఆ చెక్కల్లోంచి ప్రతి మాటా విన్నదాన్ని. “లేదమ్మా” అన్నాను.

అది గట్టిగా ఊపిరి వదిలి, నవ్వి, నా వేలు పట్టుకుంది.