రమ ఉల్లిపొర, ధవళేశ్వరం గాలి

“నా బొమ్మ రాజమండ్రిలో ప్రదర్శనకి పెడుతున్నారే. తీసుకెళ్ళడానికి ఇంకో చెయ్యి కావాలి, వస్తావా?” అని రమ ఫోన్ చేసింది. ఆ సాయంత్రమే హైదరాబాదులో రైలెక్కేశాను. మేమిద్దరం రాజమండ్రిలో డిగ్రీ కలిసి చదివాం. బోటనీ ల్యాబులో ఇద్దరికీ ఒకటే మైక్రోస్కోపు. రమ ఎడమ కన్ను దానికి ఆనించి, కుడి కన్నుతో కాగితం చూస్తూ, చెయ్యి ఎత్తకుండా ఆకు అడ్డుకోత గీసేసేది. పెన్సిళ్ళు చెక్కివ్వడం నా వంతు. తర్వాత తను లెక్చరరయింది. రెండేళ్ళ కిందట పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వస్తానంటే, “చూపించడానికి నా దగ్గర ఏదైనా ఉన్నప్పుడు పిలుస్తాలే” అని రానివ్వలేదు.

తెల్లవారుతూనే రాజమండ్రిలో దిగి, బస్ కాంప్లెక్సులో టీ తాగి, రమ ఉండే ఆత్రేయపురం మీదుగా రావులపాలెం వెళ్ళే బస్సు పట్టుకున్నాను. ఛార్జీ యాభై రూపాయల లోపే, ప్రయాణం సుమారు గంట. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మలుపు తిరిగాక కాలవ గట్టు వెంట కొబ్బరి నీడ. కాలేజీ రోజుల్లో మొక్కల నమూనాల కోసం ఈ గట్టంతా తిరిగాం. రమ సంచిలో మొక్కలుండేవి, నా సంచిలో అందరి టిఫిన్ డబ్బాలు.

ఇంటికి చేరేసరికి రమ వీధరుగు మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది. నేను ఆ చేతిని చూడకుండా ఉండాలని చూశాను. “చూడవే, కరవదు” అని నవ్వి, గోడకి ఆనించిన బొమ్మ మీద దుప్పటి తీసింది.

కిటికీ అంత బొమ్మ. చెక్కకి బిగించిన గుడ్డ మీద పూతరేకులకి వాడే బియ్యపు రేకుల్ని ఎడంచేత్తోనే గంజితో పొరలు పొరలుగా అంటించింది. గోదావరి ఒండ్రుతో గళ్ళు గీసింది. ప్రతి గడిలో ఒక చేప పొలుసు మెరుస్తోంది.

“ఉల్లిపొర!” అని అరిచాను. మేం మొదటిసారి మైక్రోస్కోపులో చూసింది అదే.

పక్కింట్లో రేకులు వేసే సత్యవతిగారు కాసిని తాజా రేకులు కాగితంలో చుట్టి తెచ్చారు. “దార్లో తినండమ్మా. ఈవిడగారు చిరిగినవే ఏరి పట్టుకెళ్తారండి, మంచివి ఇస్తే వద్దంటారు!” అన్నారు.

పదింటికి ఆరు వందలకి ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. బ్యారేజీ మీదకి రాగానే గాలి దుప్పటిని ఎగరగొట్టింది. నేను పట్టుకునేలోగా ఒక మూల అరచేతంత రేకు లేచి నదిలోకి పోయింది. డ్రైవరు వంతెన దాటి ఆటో ఆపేశాడు. “పోయిందాండీ? వెనక్కి తిప్పేయమంటారా?” అన్నాడు.

రమ ఎడంచేత్తో ఆ ఖాళీ మూల తడిమి చూసింది. “సత్యవతిగారి రేకు తియ్యి. నువ్వే అంటించు. నేను చెక్క పట్టుకుంటాను” అంది.

“నాకు గీత కూడా సరిగ్గా రాదే!”

“గీత ఎవరడిగారు? వేలు తడి చేసుకో. నీళ్ళెక్కువైతే కరిగిపోద్ది, జాగ్రత్త.”

తడి వేలితో అంచులు ఒత్తి అంటించాను. వంకరగా వచ్చింది. రమ దగ్గరగా వంగి చూసి, “కణాలు వంకరగానే ఉంటాయి. పోనీయండి బాబూ” అంది డ్రైవరుతో.

ప్రదర్శన హాల్లో బొమ్మ తగిలించాక నిర్వాహకుడు కింద పేరు రాయబోయాడు. రమ నా పేరు కూడా రాయమంది. నేను వద్దన్నాను. “ఆ మూల నీదే కదే, మాట్లాడకు” అంది. ఆ తర్వాత పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని చాలాసేపు కాలేజీ కబుర్లు చెప్పుకున్నాం. చెయ్యి పడిపోయాక ఎంత ఏడ్చిందో కూడా రమ అప్పుడే చెప్పింది.

ఈ ప్రయాణంలో నాకోసం పాత రమ ఎదురుచూస్తూ ఉంటుందనుకున్నాను. ఉన్నది ఇంకొకామె. గీయడం పోయిందని ఏడ్చి, ఆ ఏడుపయ్యాక చిరిగిన రేకులు ఏరుకున్న మనిషి. పాత స్నేహితురాలి కోసం మనసు కాస్త కొట్టుకున్నా, ఈమెతో స్నేహం కొత్తగా మొదలైనందుకు సంతోషంగా ఉంది. ఆత్రేయపురం వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: పొద్దున్నే వెళ్ళి, బోర్లించిన కుండ మీద రేకు వేస్తుండగా చూడండి. నెయ్యీ పంచదారా పడకముందు ఒక్క ఉత్త రేకు అడిగి తీసుకుని, వెలుతురుకి ఎత్తి పట్టుకోండి.