పండగ పూట దోసెల్లోకి ఏం కూర

ఆ రోజుల్లో ఆత్మకూరు అద్దెగదుల్లో ఉండే పెళ్ళికాని కుర్రాళ్ళకు ఒక అలవాటు ఉండేది. గదికొకడు బిర్యానీ వండటం నేర్చుకునేవాడు, మిగతావాళ్ళు వాణ్ణి పొగిడేవాళ్ళు. మా గదిలో ఆ ఒకణ్ణి నేను. ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతూ, ఆదివారాలు ఫోనులో వీడియోలు చూసి వంట నేర్చుకున్నాను. గోధుమపిండి ముద్దతో గిన్నె మూత చుట్టూ మెత్తి, పైన నీళ్ళ చెంబు బరువు పెట్టి దమ్ము చేసేవాణ్ణి. నాతో ఉండే ఇద్దరు మాస్టర్లూ మెతుకు మిగల్చకుండా తిని, లెక్కలు మానేసి హోటలు పెట్టుకోమనేవాళ్ళు. (వాళ్ళు తక్కిన వారమంతా మెస్సులో నీళ్ళ సాంబారు తినేవాళ్ళు. ఆకలిమీద ఉన్నవాడి మెప్పును లెక్కలోకి తీసుకోకూడదని లెక్కల మాస్టరునైన నాకు తోచలేదు.) మెల్లగా నా గురించి నాకే ఒక గొప్ప అభిప్రాయం ఏర్పడింది. ఒకే ఒక్క వంట వచ్చినవాడి కన్నా ఏ వంటా రానివాడే ఇంటికి మేలని ఆ ఏడు దీపావళికి మావాళ్ళకు తెలిసొచ్చింది.

మాది ఉదయగిరి దాటి వరికుంటపాడు పోయే దారిలో ఒక పల్లె. మా ఇంట్లో దీపావళి అంటే టపాకాయల కన్నా ముందు దోసెలు, నాటుకోడి పులుసు. తలంట్లు కాగానే అమ్మ పొయ్యి దగ్గర కూచుని దోసెలు పోస్తూనే ఉండేది, మేము వసారాలో తింటూనే ఉండేవాళ్ళం. ఆ పులుసంటే మా తాతకు ప్రాణం. దసరా నాడే ఒక పుంజును ఎంచిపెట్టి, రోజూ దాన్ని ప్రేమగా పలకరించేవాడు (ఆ ప్రేమలో ఉద్దేశం వేరే). మసాలా రోట్లోనే నూరాలి, మిక్సీలో వేస్తే ఒక్క ముద్దకే పసిగట్టేవాడు. అంతకు ముందు ఏడు తాత పోయాడు. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండగల్లేవు. తిరిగాక వచ్చిన మొదటి పెద్ద పండగ ఆ దీపావళే. అమ్మ ఫోను చేసి, ఈ ఏడు పండగ చేసుకుంటున్నాం, రెండు రోజులు ముందే రమ్మంది. ఈసారి కోడి పులుసు వద్దు, నేనే దమ్ము బిర్యానీ చేస్తానన్నాను. అమ్మ ఫోను నాయనకిచ్చింది. నాయన అంతా విని "చూద్దాంలే" అన్నాడు. ఊళ్ళో గట్టు తగాదాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన చూద్దాంలే అంటే ఆ పని ఇక కాదని ఊరందరికీ తెలుసు. నేను మాత్రం సన్నని బాస్మతి బియ్యం కొనుక్కుని బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికే ఇల్లు రెండుగా చీలి ఉంది. చేజర్ల నుంచి మా పెద్దత్త, అంటే నాయన అక్క, ముందే దిగబడింది. ఆమెది కోడి పక్షం. తండ్రి పోయాక చేసుకునే మొదటి పండగకు తండ్రి మెచ్చిన కూర వండకపోతే ఎట్లా అని ఆమె వాదన. బిర్యానీ హోటల్లో కూచుని తినేదే గానీ ఇంట్లో పండగ పూట వండేది కాదని కూడా అంది. ఉదయగిరిలో డిగ్రీ చదివే మా చెల్లెలు నా పక్షం. అది నా వంట మీద నమ్మకంతో కాదు, రోలు మీద విరోధంతో. అమ్మ పైకి ఏ పక్షమూ కాదు. కానీ బిర్యానీ అయితే దోసెలు పొయ్యక్కర్లేదు కదా అని చెల్లెలు అన్నప్పుడు అమ్మ ముఖంలో ఒక వెలుగు కనబడి, అత్త చూసేలోపల ఆరిపోయింది. ఇక మా అవ్వ. ఆమె వసారాలో గోడకానుకుని కూచుని, చేటలో అనపకాయలు ఒలుచుకుంటూ ఎవరేమన్నా తలెత్తేది కాదు. అందుకే రెండు పక్షాలకూ ఆమే ఆధారమైంది. బిర్యానీ చేస్తే వాళ్ళమ్మ మనసు కష్టపడుతుందని అత్త అనేది. పళ్ళు లేని అవ్వ నాటుకోడిని ఎట్లా నములుతుందని నేను అనేవాణ్ణి. మా ఇద్దరికీ ఆమెను చూస్తే ఎంత జాలి వేసేదంటే, ఆ జాలిలో ఆమెను ఒక్క మాట అడగాలన్న సంగతే తట్టలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయన మంచం మీద కూచుని పంచాయితీ పెట్టాడు. ఊరి తగాదాలు విన్నట్టే ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని మాట్లాడనిచ్చి, మధ్యలో కలగజేసుకోకుండా విన్నాడు. విని, గట్టు తగాదాలకు ఇచ్చే తీర్పే ఇచ్చాడు: చెరి సగం. పొద్దున కోడి పులుసు, మధ్యాహ్నం బిర్యానీ. అది చెల్లలేదు. ఉన్నది ఒకటే పుంజు. దాన్ని సగం చేసినా, నాటుకోడి దమ్ములో ఉడకదని నేను. బాయిలర్ కోడి పండగ పూట గడప తొక్కడానికి వీల్లేదని అత్త. పెద్ద పెద్ద భూమి తగాదాలు తెంపిన మనిషి మా ఇద్దరి మధ్యా చేతులెత్తేశాడు.

చివరికి, "ఇంటికి పెద్దది అమ్మ. ఆమె ఏది చెప్తే అది" అన్నాడు. అత్త అప్పుడే గెలిచినట్టు పైట సర్దుకుంది. నేను కూడా లోలోపల బియ్యం సంచి మూతి కట్టేసుకున్నాను. అవ్వ అనపకాయల మీద నుంచి తలెత్తకుండానే, ఏది చేసినా తింటానంది. అట్లా కాదు, ఒకటి చెప్పమన్నాడు నాయన. అప్పుడు ఆమె చేట పక్కన పెట్టింది.

"నిజంగా అడగతా ఉండావా, మాటవరసకా?"

"నిజంగానేమా."

"నాకు కోడంటే మొదట్నించీ పడదబయా."

ముందు తేరుకున్నది అత్తే. "ఏందిమా అట్టంటావు, పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి నీ చేత్తో వండిన పులుసే కదా తింటా ఉండేది?"

"మీ నాయన తింటాడని వండినాను. నేను ఎప్పుడన్నా ముక్క తినంగా చూసినావా నువ్వు?"

అత్త నాయన వైపు చూసింది. నాయన మా అమ్మ వైపు చూశాడు. ఎవరికీ గుర్తు రాలేదు. మా ఇంట్లో అందరూ తిన్నాక, వాకిలి తలుపు దగ్గరికి వేసుకుని అవ్వ చివర్లో తినేది. ఆమె కంచంలో ఏముండేదో చూసినవాళ్ళు ఎవరూ లేరు. మరి ఏం చేయమంటావని నాయన గొంతు తగ్గించి అడిగాడు. చేపల పులుసు అంది. అవ్వ పుట్టిల్లు పెన్న ఒడ్డున ఉండేదట. దీపావళి నాటికి ఏటిలో కొత్తనీళ్ళు కాస్త తేరేవట, వాళ్ళ నాయన జెల్లలు పట్టుకొచ్చేవాడట, వాళ్ళమ్మ ముందురోజే పులుసు కాచి పెడితే మర్నాడు పొద్దున దోసెల్లోకి తినేవాళ్ళట. మామిడికాయలు లేని కాలంలో చేపల పులుసేంటని అత్త ఒక చివరి ప్రయత్నం చేసింది. పాత చింతపండు ఉండగా మామిడికాయతో ఏం పనని అవ్వ ఆ ప్రయత్నాన్ని అక్కడే ముగించింది.

మర్నాడు పొద్దున్నే నాయన స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. నేనూ నాయనా పోయి తెస్తామంటే అవ్వ ఒప్పుకోలేదు. "మెట్టోళ్ళు మీకేం తెలుసు చేపల సంగతి" అని చెప్పులేసుకుని ముందు సీట్లో కూచుంది. వెనక సీట్లో నేనూ అత్తా. ఓడిపోయినవాళ్ళం ఇద్దరమే కాబట్టి ఆత్మకూరు చేరేలోపలే స్నేహితులమైపోయాం. దమ్ము అంటే ఏమిటో అత్త అడిగింది, నేను చెప్పాను. ఆమె రోటి మసాలా ఎట్లా నూరాలో చెప్పింది, నేను విన్నట్టు ఊకొట్టాను.

సోమశిలలో కారు దిగి అవ్వ చాలాసేపు నీళ్ళ వైపు చూసింది. ఆమె పెళ్ళయిపోయిన చాలా ఏళ్ళకు డ్యాం కట్టారు. పుట్టినూరు ఆ నీళ్ళ కిందికి పోయింది, అన్నదమ్ములు తలా ఒక చోటికి పోయారు. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. కానీ ఆమెను ఒకసారి అక్కడికి తీసుకుపోదామని ఎవరికీ అనిపించలేదు. "మా ఇల్లు ఆడుండాది" అని గడ్డంతో చూపించింది, బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు. ఉండేదని అనలేదు. నాయన ఏదో అనబోయేసరికి ఆమె చేపల గంపల వైపు నడిచింది. ఆ తర్వాత జరిగింది పరీక్ష. ఒక్కొక్క చేప మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి, "ఇది నిన్నటిది" అని పక్కన పెట్టింది. జెల్లలు కావాలంది, ఆ రోజు ఎవరి దగ్గరా లేవు. చివరికి ఒక ముసలామె గంపలో ఎర్రటి మొప్పలున్న బొచ్చె ఒకటి ఆమెకు నచ్చింది. ఇద్దరూ మునిగిపోయిన ఊళ్ళ పేర్లు చెప్పుకుంటూ గంప పక్కనే కూచున్నారు. మేము ముగ్గురం కారు నీడలో నిలబడి, ఇంకెంతసేపని అడిగే ధైర్యం లేక ఎదురుచూశాం.

ఇంటికొచ్చాక వంటింట్లోంచి అందరినీ బయటికి పంపేసింది. పొలుసు గీకడం వరకే నాకూ అత్తకూ పని (దమ్ము నేర్చిన చేతులు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాయో చూడండి). మట్టి దాకలో పులుసు తెర్లుతుంటే ఇల్లంతా కొత్త వాసన. మా ఇంట్లో పండగకు అట్లాంటి వాసన ఎప్పుడూ రాలేదు. మర్నాడు పండగ పొద్దున అమ్మ దోసెలు పోసింది. నాయన పట్టుబట్టి అవ్వను మొదట కూచోబెట్టాడు. అందరం చుట్టూ నిలబడి ఆమె నోటినే చూస్తున్నాం. దోసె తుంచి, ముక్కతో పాటు పులుసు అద్దుకుని, నోట్లో పెట్టుకుని, నిదానంగా మింగింది.

"కుదర్లేదు" అంది.

మేమూ తలా ఒక ముక్క తుంచుకున్నాం. తినిచూస్తే నిజమే, చింతపండు గట్టిగా తగిలింది. ఆలోచిస్తే ఆ పులుసు ఆమె తిన్నదే గానీ ఎన్నడూ వండింది కాదు. పద్నాలుగేళ్ళకు పెళ్ళయి కొండల పక్కకు వచ్చి, వచ్చిన నాటి నుంచి కోళ్ళతోనే సరిపోయింది. బాధపడుతుందేమోనని అత్త, బాగానే ఉండాదిలేమా అని మొదలుపెట్టింది. అవ్వ నవ్వింది. "మాయమ్మ చేసినట్టు రాలా. వచ్చే ఏడు మళ్ళా చేస్తా" అని ఇంకో దోసె అడిగింది. ఆ పూట ఆమె ఎన్ని దోసెలు తిన్నదో అమ్మ ఇప్పటికీ ఆశ్చర్యంగా చెబుతుంది. బతికిపోయిన పుంజు వాకిట్లో మా మధ్యే తిరుగుతూ కూసింది. మర్నాడు నా బిర్యానీకి కూడా అనుమతి వచ్చింది, ఆలుగడ్డలతో. అడుగు మాడింది. అత్త రెండోసారి పెట్టించుకుని, "పలావు బాగుండాది" అంది. బిర్యానీ అనే మాట ఆమె నోట రానే లేదు.

అవ్వ ఆ తర్వాత ప్రతి దీపావళికీ ఆ పులుసు పెట్టింది. ఒక ఏడు ఉప్పు, ఒక ఏడు కారం, ఒక ఏడు జెల్లలే దొరికినా ఎందుకో అదీ కాదు. తినడం, కుదర్లేదనడం, ఇంకో దోసె అడగడం. పోయే ముందు ఏడు మాత్రం చాలాసేపు చప్పరించి, "ఏమో, ఇట్టనే ఉండేదేమో, ఎవురు జూసినారు" అంది.

ఇప్పుడు ఆత్మకూరులోనే నాకొక ఇల్లుంది, పొట్ట ఉంది, దీపావళికి పులుసు పెట్టే బాధ్యత ఉంది. మొన్న పండగకు పెట్టాను. పిల్లలు దాక అడుగు దాకా ఊడ్చి తిన్నారు. నేను మాత్రం పెద్దమనిషిలా తల అడ్డంగా ఊపి, కుదరలేదు, మా అవ్వ చేసినట్టు రాలేదన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఏం నవ్వుతున్నావని మా పాప అడిగింది. దానికి ఏం చెప్పను? నేను సాధించలేకపోతున్నది, కుదరలేదని మా అవ్వే ఏటేటా చెబుతూ వచ్చిన పులుసును.