దీపావళి స్పెషల్‌లో క్రేను

నా ఉద్యోగం తప్పులు పట్టడం. మాటవరసకు అనడం లేదు, నిజంగానే జీతమిచ్చి పట్టించేవారు. హైటెక్ సిటీ పెద్ద భవనంలో ఇంకా రంగుల వాసన పోని రోజుల్లో, అక్కడికి దగ్గర్లోనే ఒక కంపెనీలో చేరాను. ఎవరో రాసిన ప్రోగ్రాములు ముందేసుకుని, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటరు తికమకపడుతుందా లేదా అని పరీక్షించడం నా పని. పొద్దున వెళ్ళి, సాయంత్రం దాకా "ఇది తప్పు, ఇదీ తప్పు" అని చెప్పి ఇంటికొచ్చేదాన్ని. ఆ అలవాటు ఆఫీసు గేటు దగ్గర ఆగేది కాదు. మా చిన్నమ్మ పెట్టిన పులుసు మీద కూడా అభిప్రాయం చెప్పబోయేదాన్ని. ఆవిడ గరిటె పైకెత్తేది. నేను నోరు మూసుకుని తినేదాన్ని.

అప్పట్లో నేను మియాపూర్‌లో చిన్నాయన వాళ్ళింట్లో ఉండేదాన్ని. మాది కర్నూలు వైపు. చిన్నాయన బస్సు డిపోలో గుమస్తా. అది కడుపు కోసం. ఆయన అసలు సంగతి పద్యనాటకం. మా వైపు ఊళ్ళల్లో ఆయన రాజు వేషం కట్టి రాగం ఎత్తుకుంటే, నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవారట. హైదరాబాదుకు బదిలీ అయ్యాక ఆ వేషం మళ్ళీ కట్టలేదు. ఇక్కడ ఆయన్ను ఎవరూ పిలవలేదు. స్నానం చేస్తూ పాడుకునేవాడు, అంతే. నీళ్ళు అయిపోయినా పద్యం అయ్యేది కాదు.

ఆదివారం పొద్దున ఒక తెలుగు ఛానల్‌లో అంతరిక్షం సీరియల్ వచ్చేది. వందేళ్ళ తరువాతి కథ. మాది నలుపు తెలుపు టీవీ కాబట్టి, రంగుల్లో చూడ్డానికి నేనూ చిన్నాయనా కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరమ్మ దగ్గరకు దిగేవాళ్ళం. ఆ సీరియల్‌లో వ్యోమనౌక కెప్టెన్ కూర్చునేది కేన్ కుర్చీ. మీటలు పెట్టిన బల్లకు వినాయక చవితి పందిరి బల్బులు. తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు చూపించేవారు గానీ, ఒకసారి దాన్ని లాగుతున్న చెయ్యి, చేతి గడియారంతో సహా కనిపించింది. వందేళ్ళ తరువాత కూడా వాళ్ళు ఫోనుకు డయల్ తిప్పుతున్నారు. ఇవన్నీ నేను వారం వారం గట్టిగా చదివి వినిపించేదాన్ని.

"నీకు ఏది నచ్చది బిడ్డా," అనేది ఓనరమ్మ. "మరి గంత కోపమున్నప్పుడు ఎందుకు జూస్తవ్?"

ఎందుకంటే నాకు ఆ సీరియల్ అంటే ప్రాణం. అందులో మన భాషలో మాట్లాడుకుంటూ మనుషులు నక్షత్రాల మధ్య తిరిగేవారు. అది నాకు ఎంత ఇష్టమో, దాన్ని అంత బద్ధకంగా తీస్తుంటే అంత ఒళ్ళు మండేది. ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆ గంటలో చుట్టాలు వస్తే వాళ్ళనూ కిందికి తీసుకెళ్ళి కూర్చోబెట్టేదాన్ని.

ఆ ఏడాది దీపావళికి ఆ సీరియల్ వాళ్ళు గంటన్నర పండగ స్పెషల్ తీస్తున్నారని తెలిసింది. ఎలా తెలిసిందంటే, డిపోలో ఒక డ్రైవరు తమ్ముడు షూటింగులకు సామాన్లు చేరవేసేవాడు. వాళ్ళకు గ్రహం రాజు వేషానికి పెద్ద గొంతు ఉన్న మనిషి కావాలన్నారు. డ్రైవరు చిన్నాయన పేరు చెప్పాడు. ఖాజాగూడ రాళ్ళ దగ్గర షూటింగ్. ఆయన సెలవు పెట్టి వెళ్ళి, చెవుల వెనక వెండిరంగు అంటుకుని ఉండగా తిరిగొచ్చాడు. ఆ రంగు పోవడానికి చిన్నమ్మ కిరోసిన్ పెట్టి రుద్దింది.

జనానికి నచ్చితే ఆ రాజును ఆదివారం సీరియల్‌లో కూడా ఉంచుతామని డైరెక్టరు అన్నాడట. ఆ మాట చిన్నాయన మాకు చాలా మామూలుగా చెప్పాడు. చెప్పి, చొక్కా తిరగేసి తొడుక్కుని డిపోకు వెళ్ళాడు. అక్కడ ఏం చేశాడో, ఏం పాడాడో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

"నువ్వు చూసి చెప్పు పాపా," అన్నాడు. "నువ్వు చెప్తే నాకు లెక్క. తక్కినోళ్ళు యట్లా బాగుందనే అంటారు."

చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. కజ్జికాయల పూర్ణం కలుపుతోంది.

"ఇదో, ఆయన ఎన్నాళ్ళకో మొగానికి రంగేసుకున్నాడు. బాగుందని చెప్పు, చాలు."

"బాగుంటే చెప్తా చిన్నమ్మా."

"బాగలేకపోయినా చెప్పు."

"నేను అబద్ధం చెప్తే ఆయనకు తెలిసిపోదా?"

చిన్నమ్మ చెయ్యి ఆగింది. తెలిసిపోతుందని ఇద్దరికీ తెలుసు. నాకు మొహమాటపు మాట అసలు రాదు. బాగుందని అనబోతే నా మొహం పుల్ల మజ్జిగ తాగినట్టు అయిపోతుంది. నాకు నిజంగా భయం వేసింది. ఆ సీరియల్ సంగతి నాకు తెలుసు. దాని పండగ స్పెషల్ ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ఆయనేమో నా ఒక్క మాట కోసం కాచుక్కూర్చున్నాడు.

దీపావళి పొద్దున తలంట్లు అయ్యాక అందరం కిందికి దిగాం. చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. టీవీ చూడ్డానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని ఎవరూ అడగలేదు. ఓనరమ్మ ఆయనకు తన వాలుకుర్చీ ఇచ్చి, తను కింద చాప మీద కూర్చుంది.

స్పెషల్ నేను భయపడినదానికంటే ఘోరంగా ఉంది. వ్యోమనౌక దారి తప్పి అందరూ ఒక గ్రహం మీద దిగుతారు. అక్కడ గాలి లేదని కెప్టెన్ మొదటే చెప్పాడు. చెప్పిన నోటితోనే కాకరపువ్వొత్తులు వెలిగించాడు. గాలి లేని చోట అవెలా వెలిగాయో నాకు అర్థం కాలేదు. నౌకలో అందరూ పట్టుపంచెలు, పట్టుచీరలు. భూమి నుంచి వస్తూ ఎవరు మూట కట్టుకొచ్చారో తెలియదు. హీరోయిన్ తల్లి స్టీలు డబ్బాలో లడ్లు పట్టుకుని ఇంకో నౌకలో దిగింది. నౌక తలుపు తీసి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. తరువాత ఒక పాట. ఆ పాటలో పిల్లలు అట్ట నక్షత్రాలు పట్టుకుని దూకుతుంటే ఒక నక్షత్రం వెనక బిస్కెట్ల బొమ్మ కనిపించింది.

నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఓనరమ్మ నా వైపు వింతగా చూసింది.

"ఏందే, ఇయాల సప్పుడు చేస్తలేవు? పానం మంచిగుందా?"

అప్పుడు రాజు వచ్చాడు. వెండిరంగు మొహం, థర్మాకోల్ కిరీటం. ఆ గ్రహం మీద వెలుగన్నది లేదట. అక్కడివాళ్ళు చీకట్లో పుట్టి చీకట్లోనే పోతారట. భూమి నుంచి వచ్చినవాళ్ళను ఒక్క దీపం వదిలి వెళ్ళమని రాజు అడగాలి. వెలుగు లేని ఆ గ్రహాన్ని తీసింది మిట్టమధ్యాహ్నం ఎండలో. ఖాజాగూడ రాళ్ళు కొలిమిలా మెరుస్తున్నాయి. రాజు కళ్ళు చికిలించుకుంటున్నాడు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

మరమనిషిలా మెల్లగా అనమని వాళ్ళు రాసిచ్చిన నాలుగు ముక్కలను చిన్నాయన పద్యంగా కట్టుకుని పోయాడట. ఎత్తుకున్నాడు. చీకట్లో బిడ్డ మొహం తడిమి చూసుకుంటామే తప్ప కళ్ళారా ఎరగం, ఒక్క దీపం ఇచ్చి పొండి అని ఆ పద్యం. చివర రాగం తీస్తుంటే గొంతు ఎక్కడికో పైకి వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా దిగింది. నా చేతిలో కజ్జికాయ అలాగే ఉండిపోయింది.

పద్యం అయిపోయింది. కెప్టెన్ నోరు తెరిచాడు. రాజు అతన్ని పట్టించుకోకుండా, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని అదే పద్యం మొత్తం పాడాడు. కెప్టెన్ తెరిచిన నోరు మూసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గా క్రేను మన హైటెక్ సిటీది కాదా?" అంది ఓనరమ్మ. "గది గూడ పోయిందా ఆ గ్రహం మీదికి?"

నిజమే. రాజు కిరీటం పక్కన, దూరంగా, ఒక క్రేను మెల్లగా తిరుగుతోంది.

అంతా అయ్యాక మేడ మీదికి వచ్చాం. వీధిలో పిల్లలు అప్పుడే సీమటపాకాయలు మొదలుపెట్టారు. చిన్నాయన మంచం మీద కూర్చుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఇంగ చెప్పు," అన్నాడు. చిన్నమ్మ తలుపు దగ్గర నిలబడి నాకు కళ్ళతో సైగలు చేస్తోంది.

నేను మొదలుపెట్టాను. గాలి లేని చోట కాకరపువ్వొత్తులు, పట్టుపంచెలు, చెప్పులు, బిస్కెట్ల నక్షత్రం, చీకటి గ్రహం మీద మిట్టమధ్యాహ్నం. ఒక్కోదానికీ ఆయన తల ఊపాడు.

"అది వాళ్ళ సంగతి. నా సంగతి చెప్పు."

"నువ్వు రెండుసార్లు ఎందుకు పాడినావు చిన్నాయనా?"

ఆయన ఆశ్చర్యపోయాడు. అది కూడా అడగాలా అన్నట్టు చూశాడు.

"వన్స్ మోర్ అన్నారు కదా!"

షూటింగ్ చూడ్డానికి రాళ్ళ మీద జనం చేరారట. మేకలు కాసేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు. పద్యం అయ్యేసరికి వాళ్ళల్లో మా సీమ నుంచి పనికి వచ్చినవాళ్ళెవరో వన్స్ మోర్ అని కేకేశారట. మా నాటకాల్లో ఆ కేక పడితే పాడాల్సిందే. చచ్చిపడిపోయిన పాత్ర అయినా లేచి, పద్యం పాడి, మళ్ళీ పడుకుంటుంది.

"అంతమంది అడిగితే పాడకుండా పోతే మర్యాదనా పాపా? డైరెక్టరు ఆపు ఆపు అని అరిచినాడు. మద్దెలో యట్లా ఆపేది? ఆమైన మళ్ళా ఆయప్పే, గంటన్నర నింపల్ల, ఉండనీలే అన్యాడు."

చిన్నమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. నా మాట కోసమే చూస్తున్నాడు. నేను ఆలోచించి చెప్పిన మాట కాదు అది, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నీ వెనకాల క్రేను ఉంది చిన్నాయనా. మొదటినుంచీ ఉంది. నాకు కనపడలేదు. నువ్వు ఎత్తుకున్నాక ఎండ కూడా కనపడలేదు. చీకటే అనుకున్నా. రెండోసారి పాడేటప్పుడు, అదీ ఓనరమ్మ చెప్తే, అప్పుడు చూసినా."

తప్పు పట్టడమే పనిగా పెట్టుకున్న మనిషికి అంత పెద్ద తప్పు కనపడలేదంటే ఏమిటో ఆయనకు అర్థమైంది. మొహం మెల్లగా విప్పారింది. అంతలోనే కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అంటే రెండోసారి చెడిపోయిందంటావు!"

"అయ్యో, అది కాదు..."

"లేదు లేదు, నువ్వు చెప్పింది నిజమే. రెండోసారి రాగం కొంచెం జారింది. ఎండకు కండ్లు తిరిగినాయి." ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమే, కజ్జికాయలు తీసుకురా. తప్పు ఎంత సన్నగా పట్టింది చూడు, మన పాప!"

ఛానల్ నుంచి ఫోను రాలేదు. కొన్నాళ్ళకు సీరియల్‌నే ఆపేసి, ఆ టైములో వంటల కార్యక్రమం పెట్టారు. నేను ఏడ్చినంత పని చేశాను. చిన్నాయన పెద్దగా బాధపడలేదు. "ఒక్క దీపం ఇయ్యమంటే లడ్లు ఇచ్చిపోయినారు వాళ్ళు, ఏం సీరియలు లే," అన్నాడు. కానీ ఆ స్పెషల్ చూసిన డిపో వాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళ వార్షికోత్సవానికి ఆయన్ను నాటకం వెయ్యమన్నారు. అప్పటినుంచి స్నానం గంటసేపు పట్టేది. ఓనరమ్మ నీళ్ళ ట్యాంకు చూసుకుని పరేషాన్ అయ్యేది.

డిపో పక్క ఖాళీ స్థలంలో స్టేజీ కట్టారు. పొద్దు వాలుతుండగా నాటకం మొదలైంది. నేనూ చిన్నమ్మా ఓనరమ్మా మొదటి వరసలో కూర్చున్నాం. చిన్నాయన ఈసారి అసలైన కిరీటం పెట్టుకుని వచ్చాడు. పద్యం ఎత్తుకుని, రాగం పైకి తీసుకెళ్ళి, అక్కడ ఆపి, దించాడు. వన్స్ మోర్ అని ముందు అరిచింది నేనే. డ్రైవర్లూ కండక్టర్లూ అందుకున్నారు. ఆయన మళ్ళీ పాడాడు. ఈసారి ఎక్కడా జారలేదు.

అయ్యాక సగం ఊడిన మీసంతో గబగబా దిగి, దండ వేయబోతున్న వాళ్ళను తప్పించుకుని నా దగ్గరకు వచ్చాడు.

"క్రేను కనపడెనా?"

"యాడుంది క్రేను?" అన్నాను.

ఆయన నా భుజాలు పట్టుకుని స్టేజీ వైపు తిప్పాడు. తెర వెనక ఎవరో అపార్టుమెంట్లు కడుతున్నారు. పసుపురంగు క్రేను, స్టేజీ లైట్లన్నీ మీద పడి, సింహాసనం నెత్తి మీదికి కొక్కెం వేలాడేసుకుని నిలబడి ఉంది. ఆయన రెండుసార్లు పాడినంతసేపూ అది అక్కడే ఉంది, నేను చూడలేదు.